పేజీ తెరుచుకుంటే చాలదు: వెబ్ సుగమ్యతా ప్రమాణాలు, ప్రభుత్వ వెబ్‌సైట్లపై ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

• వెబ్ సుగమ్యత అంటే ఏమిటో, దాని ప్రమాణాలు ఎలా ఏర్పడ్డాయో వివరించగలుగుతారు.
• భారతదేశంలో ఆ ప్రమాణాలకు ఉన్న చట్టపరమైన ఆధారాన్ని, దానిపై సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పులను తెలుపగలుగుతారు.
• ఒక ప్రభుత్వ వెబ్‌సైట్ ప్రమాణాన్ని నిజంగా పాటిస్తున్నదా, పాటిస్తున్నట్లు కనిపిస్తున్నదా అన్న తేడాను గుర్తించగలుగుతారు.
• తెలుగు పేజీలకు ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్యలను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

దూరవిద్యలో చేరిన విద్యార్థికి విశ్వవిద్యాలయం అంటే మొదట కనిపించేది భవనం కాదు, వెబ్‌సైట్. ప్రవేశ ప్రకటన, దరఖాస్తు, ఫీజు చెల్లింపు, హాల్ టికెట్, ఫలితాలు అన్నీ అక్కడే. రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, పింఛను, భూమి రికార్డుల విషయంలోనూ క్రమంగా అదే పరిస్థితి. కార్యాలయం గుమ్మం ముందు మెట్లు ఉంటే చక్రాల కుర్చీలో వచ్చినవారు ఆగిపోవడం మన కళ్లకు కనిపిస్తుంది. వెబ్‌సైట్ గుమ్మం దగ్గర ఆగిపోయినవారు ఎవరికీ కనిపించరు. వారి దరఖాస్తు రాలేదన్న సంగతి కూడా కార్యాలయంలో నమోదు కాదు. చివరి తేదీ మాత్రం దాటిపోతుంది.

చూపు లేనివారు, చూపు మందగించినవారు, వినికిడి లేనివారు, చేతులు సరిగా కదపలేనివారు, చదివినది గ్రహించడంలో ఇబ్బంది ఉన్నవారు కూడా ఒక వెబ్‌సైట్‌ను తమంతట తాము ఉపయోగించుకోగలగడాన్ని వెబ్ యాక్సెసిబిలిటీ అంటారు. ఈ పాఠంలో దానికి ‘సుగమ్యత’ అనే మాటను వాడుతున్నాం. ‘అందుబాటు’ అనే మాట మనకు బాగా అలవాటైనదే. కానీ సరుకు దుకాణంలో ఉన్నా అందుబాటులో ఉందనే అంటాం. ఆ దుకాణంలోకి అడుగు పెట్టగలమా అన్నది వేరే ప్రశ్న. సుగమ్యత ఆ రెండో ప్రశ్నకు సంబంధించినది.

ఈ పాఠం ముందుకు తెచ్చే వాదన ఒకటే. ఒక ప్రభుత్వ వెబ్‌సైట్‌ను హోమ్ పేజీ చూసి కాకుండా, వచ్చిన మనిషి వచ్చిన పనిని ఎవరి సహాయమూ లేకుండా ముగించుకుని వెళ్లగలిగాడా అన్నదాన్ని బట్టి అంచనా వేయాలి. ఇది ప్రమాణానికి మించిన కోరిక కాదు. ప్రమాణంలోనే స్పష్టంగా ఉన్న నిబంధన. అమలు చేసేవారు అతి తక్కువగా పట్టించుకునే నిబంధన కూడా అదే.

2. ప్రమాణం ఏం చెబుతుంది?

వరల్డ్ వైడ్ వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ 1994లో స్థాపించిన సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం. ఈ సంస్థ 1999 మే 5న ‘వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్’ అనే మార్గదర్శకాల మొదటి కూర్పును విడుదల చేసింది. వీటినే పొడి అక్షరాలలో డబ్ల్యూసీఏజీ అంటారు. రెండవ కూర్పు 2008 డిసెంబర్ 11న వచ్చింది. 2012లో అది ఐఎస్ఓ/ఐఈసీ 40500 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఆ తరువాత 2018 జూన్ 5న 2.1, 2023 అక్టోబర్ 5న 2.2 కూర్పులు వచ్చాయి. 2.0లో 61గా ఉన్న పరీక్షించదగిన నిబంధనలు 2.1లో 78, 2.2లో 86 అయ్యాయి.

ఈ నిబంధనలన్నీ నాలుగు సూత్రాల కింద ఉంటాయి.

అ) గ్రహించగలగాలి: పేజీలో ఉన్నది కంటికి గానీ చెవికి గానీ స్పర్శకు గానీ చేరాలి. బొమ్మకు దాని అర్థాన్ని చెప్పే మాటలు ఉండాలి. వీటినే ఆల్ట్ టెక్స్ట్ అంటారు.
ఆ) నడపగలగాలి: మౌస్ లేకుండా కీబోర్డుతోనే అన్ని పనులూ చేయగలగాలి.
ఇ) అర్థం కావాలి: పేజీ ఏ భాషలో ఉన్నదో సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. ఫారం నింపడంలో పొరపాటు జరిగితే అది ఏమిటో మాటల్లో చెప్పాలి.
ఈ) నిలకడగా ఉండాలి: స్క్రీన్ రీడర్ వంటి రకరకాల సహాయక సాధనాలతో పేజీ సరిగా పనిచేయాలి.

స్క్రీన్ రీడర్ అనేది తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అదే పని చేస్తుంది.

నిబంధనలను ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అనే మూడు స్థాయిలుగా విభజించారు. ఏ స్థాయి కనీస అవసరం. ప్రభుత్వాలు సాధారణంగా కోరేది డబుల్ ఏ. ఒక ఉదాహరణ చూద్దాం. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని డబుల్ ఏ స్థాయి చెబుతుంది. తెల్లని కాగితం మీద నల్లని అక్షరాలకు ఈ నిష్పత్తి 21:1. తెలుపు మీద పసుపు అక్షరాలకు అది దాదాపు 1:1. అంటే నిబంధన అభిరుచికి సంబంధించినది కాదు, లెక్క కట్టి చూపించదగినది.

ఇప్పుడు మన వాదనకు కీలకమైన అంశానికి వద్దాం. ఒక వెబ్‌సైట్ ఫలానా స్థాయిని పాటిస్తున్నదని చెప్పుకోవాలంటే ఏ షరతులు తీరాలో డబ్ల్యూసీఏజీ విడిగా పేర్కొన్నది. వాటిలో ఒకటి ‘పూర్తి పేజీ’ షరతు: పేజీలో సగం బాగుంటే చాలదు. మరొకటి ‘పూర్తి ప్రక్రియ’ షరతు: ఒక పని ముగించడానికి వరుసగా కొన్ని పేజీలు దాటవలసి వస్తే, ఆ పేజీలన్నీ ఆ స్థాయిని అందుకోవాలి. వాటిలో ఒక్కటి అందుకోకపోయినా మిగిలిన పేజీలకు కూడా ఆ స్థాయి ఉన్నదని చెప్పుకోవడానికి వీలు లేదు. అయిదు గదులు దాటి వెళ్లవలసిన ఇంట్లో నాలుగు తలుపులు తెరిచి అయిదోదానికి తాళం వేస్తే, ఆ ఇల్లు తెరిచి ఉన్నదని అనలేం కదా.

మీ అవగాహనను పరీక్షించుకోండి
1. డబ్ల్యూసీఏజీలోని నాలుగు సూత్రాలు ఏవి?
2. ‘పూర్తి ప్రక్రియ’ షరతును మీ మాటల్లో వివరించండి.

3. భారతదేశంలో చట్టపరమైన ఆధారం

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారతదేశం 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. ఆ ఒప్పందంలోని 9వ అధికరణ సమాచార సాంకేతికతను కూడా సుగమ్యత పరిధిలోకి తెచ్చింది. 2009లో ప్రభుత్వ వెబ్‌సైట్లకు మన దేశం తన సొంత మార్గదర్శకాలను వెలువరించింది. 2015 డిసెంబర్ 3న సుగమ్య భారత్ అభియాన్ మొదలైంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 తరువాతి సంవత్సరం ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది.

ఈ చట్టం కింద 2017 జూన్‌లో నియమాలు వెలువడ్డాయి. వాటిలోని 15వ నియమం ప్రభుత్వ వెబ్‌సైట్లకు పై మార్గదర్శకాలను ప్రమాణంగా చూపింది. వెబ్‌సైట్లలో ఉంచే పత్రాలు ఈపబ్ రూపంలో గానీ, అక్షరాలను గుర్తించగలిగే పీడీఎఫ్ రూపంలో గానీ ఉండాలని కూడా చెప్పింది. సుగమ్యతా నియమాలు వెలువడిన రెండేళ్లలోగా సేవలు అందించేవారు, ప్రభుత్వమైనా ప్రైవేటు అయినా, వాటిని పాటించాలని చట్టంలోని 46వ సెక్షన్ అంటున్నది. ఆ లెక్కన 2019 జూన్ నాటికే గడువు తీరింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తరువాత 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని 89వ సెక్షన్ చెబుతున్నది. 2023లో నియమాలను సవరించి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణాన్ని కూడా చేర్చారు.

ఇన్ని ఉన్నా లోపం ఎక్కడ ఉన్నది? 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ లోపాన్ని స్పష్టంగా చూపింది. చట్టం ‘చేయాలి’ అంటున్నది. దాని కింద వచ్చిన నియమం మాత్రం ‘చేస్తే బాగుంటుంది’ అనే ధోరణిలో రాసిన మార్గదర్శకాలకు అప్పగించి ఊరుకున్నది. సిఫారసులను నియమం అనడానికి వీలు లేదని, 15వ నియమంలోని మొదటి ఉపనియమం చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పనిసరిగా పాటించవలసిన కనీస నియమాలను విడదీసి మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు ఆధారంగా నిలిచిన అధ్యయనం హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వికలాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసినది కావడం తెలుగు విద్యార్థులు గమనించదగిన విషయం.

భాషా విద్యార్థులకు ఈ తీర్పు మరో పాఠం కూడా నేర్పుతుంది. ‘వలెను’కూ ‘వచ్చును’కూ మధ్య తేడా వ్యాకరణ తరగతికే పరిమితం కాదు. ఆ ఒక్క క్రియారూపం మీద లక్షల మంది హక్కు ఆధారపడి ఉంటుంది.

4. పై వరుసలో కనిపించే సుగమ్యత

చాలా ప్రభుత్వ వెబ్‌సైట్లలో హోమ్ పేజీ పైభాగాన ఒక సన్నని వరుస కనిపిస్తుంది. అక్షరాలను పెంచడానికీ తగ్గించడానికీ చిన్న గుర్తులు, రంగులు మార్చే మీట, ‘స్క్రీన్ రీడర్ యాక్సెస్’ అనే లంకె అందులో ఉంటాయి. చూడగానే సుగమ్యత గురించి ఎవరో శ్రద్ధ తీసుకున్నారనిపిస్తుంది. ఒక్కొక్కటీ ఎంత ఉపయోగమో పరిశీలిద్దాం.

అక్షరాల పరిమాణం పెంచే సౌకర్యం ప్రతి బ్రౌజర్‌లోనూ ముందే ఉన్నది. ప్రమాణం అడిగేది ఆ మీట కాదు. అక్షరాలను 200 శాతం వరకు పెంచినా పేజీలోని విషయం గానీ పని గానీ పోకూడదని అడుగుతుంది. మీట నొక్కితే మెనూ మాత్రమే పెద్దదై, కింద ఉన్న ఫారం అలాగే ఉండిపోతే ఆ మీట వల్ల ప్రయోజనం లేదు.

‘స్క్రీన్ రీడర్ యాక్సెస్’ లంకె తెరిస్తే సాధారణంగా ఏయే స్క్రీన్ రీడర్లు ఎక్కడ దొరుకుతాయో తెలిపే పట్టిక ఉంటుంది. చూపు లేని వ్యక్తి ఆ పట్టికను చదవగలిగాడంటే అతని దగ్గర స్క్రీన్ రీడర్ ఉన్నట్టే. లేనివాడికి ఆ పట్టిక కనిపించదు. ఎవరికోసం పెట్టినట్లు? తనిఖీకి వచ్చే అధికారి కోసం అని చెప్పుకోవలసి వస్తుంది.

అదే పేజీలో కాస్త కిందికి వస్తే తాజా వార్తలు కుడి నుంచి ఎడమకు పరుగెడుతుంటాయి. పక్కన ‘కొత్తది’ అనే గుర్తు మిణుకుమిణుకుమంటుంది. తనంతట తాను మొదలై అయిదు సెకన్లకు మించి కదిలే దేన్నైనా ఆపుకొనే వీలు ఉండాలని ఏ స్థాయి నిబంధన చెబుతున్నది. అంటే కనీస నిబంధన. పై వరుసలో అలంకారం, కింద కనీస నిబంధన ఉల్లంఘన: ఈ రెండూ ఒకే తెరమీద ఉండటం మన వెబ్‌సైట్లలో తరచుగా కనిపించే దృశ్యం.

అయితే ఆ వరుసలో ఉండేవన్నీ వ్యర్థం కాదు. ‘ప్రధాన విషయానికి వెళ్లండి’ అనే లంకె నిజంగా ఉపయోగపడుతుంది. అది లేకపోతే స్క్రీన్ రీడర్ వాడేవారు ప్రతి పేజీలోనూ మెనూ మొత్తం వినవలసి వస్తుంది. విమర్శ చేసేటప్పుడు మంచినీ చెడునూ విడదీసి చూపడం అవసరం.

5. పని మధ్యలో ఎక్కడ ఆగుతుంది?

ఇప్పుడు ఒక పనిని వెంబడిద్దాం. చూపు లేని ఒక విద్యార్థిని పరీక్ష ఫీజు కట్టడానికి కూర్చున్నదనుకోండి. ఇది ఊహించిన ఉదాహరణే. ఇందులోని అడ్డంకులు మాత్రం ప్రమాణంలో పేరుపేరునా పేర్కొన్నవి.

మొదటిది లంకెల వరుస. స్క్రీన్ రీడర్ వాడేవారు పేజీలోని లంకెలన్నీ ఒక జాబితాగా వింటారు. ఆ జాబితాలో ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని పది సార్లు వినిపిస్తే ఏది ఫీజుకో, ఏది ఫలితాలకో తెలియదు. ‘పరీక్ష ఫీజు చెల్లించండి’ అని రాస్తే సమస్యే ఉండదు. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండవది ఫారం. గడి పక్కన ‘ప్రవేశ సంఖ్య’ అని కంటికి కనిపిస్తుంది. కానీ ఆ మాటను గడితో కోడ్‌లో ముడివేయకపోతే స్క్రీన్ రీడర్ ‘ఎడిట్, ఖాళీ’ అని మాత్రమే చెబుతుంది. పుట్టిన తేదీని క్యాలెండర్ బొమ్మ మీద మౌస్‌తో మాత్రమే ఎంచుకోవలసి వస్తే కీబోర్డు వాడే విద్యార్థిని అక్కడే ఆగిపోతుంది.

మూడవది పొరపాటు జరిగినప్పటి సందేశం. తప్పు నింపిన గడి చుట్టూ ఎర్రగీత గీసి ఊరుకుంటే చూడలేనివారికీ, రంగులు గుర్తించలేనివారికీ ఏమీ తెలియదు. ఫారం ఎందుకు ముందుకు కదలడం లేదో అర్థం కాదు.

నాలుగవది క్యాప్చా. వంకరటింకర అక్షరాలను గుర్తించమనే ఈ పరీక్షకు మరో ఇంద్రియంతో చేయగల ప్రత్యామ్నాయం ఉండాలని 2008 నుంచీ ఏ స్థాయి నిబంధన ఉన్నది. కొన్నిచోట్ల చెవికి వినిపించే క్యాప్చా పెడతారు. కానీ అది గరగర శబ్దాల మధ్య ఇంగ్లీషు అక్షరాలు. చూపూ వినికిడీ రెండూ లేనివారికి అదీ పనికిరాదు. 2023 నాటి కూర్పు ఇంకో అడుగు వేసి, లాగిన్ కావడానికి చిక్కు ప్రశ్నలు విప్పడం, జ్ఞాపకం పెట్టుకోవడం మీద మాత్రమే ఆధారపడకూడదని డబుల్ ఏ స్థాయిలో చేర్చింది.

అయిదవది సమయం. గడువు పెట్టిన చోట దాన్ని పొడిగించుకునే వీలు ఉండాలన్నది కూడా ఏ స్థాయి నిబంధనే. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ ఫారం నింపుతుండగా ముందుగా ఏ మాటా చెప్పకుండా ‘మీ సెషన్ ముగిసింది’ అని మొదటికి పంపడం ఆ మినహాయింపుల స్ఫూర్తికి సరిపోదు.

ఇన్నీ దాటి ఫీజు కట్టాక రసీదు ఏ రూపంలో వస్తుంది? బొమ్మగా మార్చిన పీడీఎఫ్‌గా వస్తే అందులో అక్షరాలు లేవు, అక్షరాల ఫొటో మాత్రమే ఉన్నది. డబ్బు కట్టినట్లు రుజువు తన చేతిలో ఉన్నా దాన్ని తాను చదువుకోలేదు.

ఈ అడ్డంకులలో ఏ ఒక్కటి ఎదురైనా ఆ విద్యార్థిని చివరకు ఇంటర్నెట్ కేంద్రానికో, పక్కింటివారి దగ్గరకో వెళ్లవలసిందే. పని జరిగిపోతుంది. కానీ తన పాస్‌వర్డ్, బ్యాంకు వివరాలు, ఓటీపీ పరాయివారి చేతిలో పెట్టవలసి వస్తుంది. ఇక్కడ పోయేది సౌకర్యం ఒక్కటే కాదు, గోప్యతా స్వాతంత్ర్యమూ పోతాయి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన మరో తీర్పు ఇలాంటి ఆఖరి మెట్టుకు సంబంధించినదే. బ్యాంకు వంటి సేవలకు గుర్తింపు ధ్రువీకరణ సమయంలో కెమెరా ముందు కళ్లు ఆర్పమని అడుగుతారు. యాసిడ్ దాడిలో కనురెప్పలు దెబ్బతిన్నవారు ఆర్పలేరు. చూపు లేనివారు కెమెరాకు ఎదురుగా ముఖం సరిపెట్టుకోలేరు. ఈ పిటిషన్లపై కోర్టు, డిజిటల్ సేవలను పొందగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణ హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని పేర్కొని 20 ఆదేశాలు జారీ చేసింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి
3. రాజీవ్ రతూరి తీర్పులో ‘చేయాలి’, ‘చేస్తే బాగుంటుంది’ అన్న తేడాకు ఉన్న ప్రాధాన్యం ఏమిటి?
4. కంటికి కనిపించే పేరు ఉన్నా ఫారంలోని గడి స్క్రీన్ రీడర్‌కు ఎందుకు అర్థం కాకపోవచ్చు?

6. తెలుగు పేజీ ప్రత్యేక సమస్యలు

ఇంగ్లీషు పేజీకి లేని మూడు సమస్యలు తెలుగు పేజీకి ఉన్నాయి.

మొదటిది పాత ఫాంట్లు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచి తనదైన స్థానం ఉన్నది. అయినా డీటీపీ కేంద్రాలలో అలవాటైన పాత ఫాంట్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. వీటిలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటి మీద తెలుగు అక్షరాల ఆకారాలు తొడిగారంతే. కంటికి ‘ప్రకటన’ అని కనిపించేది స్క్రీన్ రీడర్‌కు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. అలాంటి పత్రంలో తెలుగు మాట టైపు చేసి వెతికినా దొరకదు, కాపీ చేసి వేరే చోట పెట్టినా రాదు. కాబట్టి నష్టం చూపు లేనివారికే పరిమితం కాదు.

ఇక్కడ ప్రమాణాన్ని జాగ్రత్తగా చదివితే ఒక ఆసక్తికరమైన విషయం తెలుస్తుంది. డబ్ల్యూసీఏజీ నిర్వచనం ప్రకారం పాఠ్యం అంటే సాఫ్ట్‌వేర్ గుర్తించగలిగిన అక్షరాల వరుస అయి ఉండాలి, అది మానవ భాషలో ఏదో ఒక అర్థాన్ని చెప్పాలి. పాత ఫాంట్‌లోని తెలుగు మొదటి షరతు తీరుస్తుంది, రెండోది తీర్చదు. అంటే ఆ నిర్వచనం ప్రకారం అది అసలు పాఠ్యమే కాదు, ఒక రకమైన బొమ్మ. కానీ యంత్రంతో తనిఖీ చేస్తే అక్షరాలు ఉన్నాయి కనుక అంతా బాగున్నట్లే చెబుతుంది.

రెండవది భాష పేరు చెప్పకపోవడం. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఒక చిన్న సూచన ఉండాలి. ఇది ఏ స్థాయి నిబంధన. అది లేకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో చదవడానికి ప్రయత్నించి తెలుగు అక్షరాలను వదిలేయవచ్చు. ఇంగ్లీషు పేజీని నకలు చేసి అందులో తెలుగు పోసినప్పుడు, భాష సూచన ఇంగ్లీషు అనే మిగిలిపోవడం సులభంగా జరిగే పొరపాటు.

మూడవది ఒత్తులు. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును దృష్టిలో పెట్టుకుని గీసిన మీటలలో, మెనూలలో తెలుగు పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి, పైన గుడులు పై వరుసకు తగులుతాయి. అక్షరాలను పెద్దవి చేసుకున్న వృద్ధులకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. పంక్తుల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు పెంచినా ఏదీ తెగకూడదని 2.1 కూర్పు డబుల్ ఏ స్థాయిలో చెబుతున్నది. ఆ నిబంధన తెలుగుకోసం ప్రత్యేకంగా రాసినది కాకపోయినా తెలుగుకు బాగా పనికివస్తుంది.

7. యంత్రం చేసే తనిఖీకి ఉన్న పరిమితి

వెబ్ఎయిమ్ అనే అమెరికన్ సంస్థ 2019 నుంచి ఏటా పది లక్షల ప్రసిద్ధ వెబ్‌సైట్ల హోమ్ పేజీలను యంత్రంతో తనిఖీ చేస్తున్నది. 2024 నివేదికలో 95.9 శాతం పేజీలలో డబ్ల్యూసీఏజీకి విరుద్ధమైన లోపాలు దొరికాయి. 81 శాతం పేజీలలో తక్కువ కాంట్రాస్ట్ ఉన్న అక్షరాలున్నాయి. సగానికి పైగా పేజీలలో ఆల్ట్ టెక్స్ట్ లేని బొమ్మలున్నాయి.

ఈ అంకెలను వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ఇవి ప్రపంచంలోని అన్ని రకాల వెబ్‌సైట్లవి, ప్రభుత్వానివి మాత్రమే కాదు. రెండు, ఇవి హోమ్ పేజీలవే. యంత్రం బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో చెప్పగలదు. అక్కడ ‘బొమ్మ’ అని మాత్రమే రాసి ఉంటే అది సరైన వివరణ కాదని చెప్పడం యంత్రానికి కష్టం. కాబట్టి యంత్రం తప్పు ఉన్నదంటే చాలావరకు నమ్మవచ్చు. తప్పు లేదంటే మాత్రం అక్కడితో ఆగకూడదు.

8. ప్రమాణంలోనూ లోపాలున్నాయి

ఇంతవరకు ప్రమాణాన్ని గీటురాయిగా తీసుకున్నాం. గీటురాయిని కూడా పరీక్షించాలి. సులభమైన భాషలో రాయాలన్న నిబంధన డబ్ల్యూసీఏజీలో ట్రిపుల్ ఏ స్థాయిలో ఉన్నది. వీడియోలకు సంకేత భాషలో అనువాదం కూడా అదే స్థాయి. ట్రిపుల్ ఏ స్థాయిని మొత్తం వెబ్‌సైట్‌కు విధానంగా పెట్టుకోవాలని ప్రమాణమే సిఫారసు చేయదు. ఫలితంగా, డబుల్ ఏ సాధించిన ఒక పథకం పేజీ ‘పైన ఉదహరించిన ఉత్తర్వులకు లోబడి’ అంటూ మూడు వాక్యాల పొడవు సాగే తెలుగులో ఉన్నా ప్రమాణం దృష్టిలో తప్పు లేదు. కంటికి అందుతుంది, చెవికి అందుతుంది, బుద్ధికి అందదు.

రూపకర్తల ఇబ్బందీ అర్థం చేసుకోదగినదే. కాంట్రాస్ట్‌ను లెక్క కట్టినట్లు సులభత్వాన్ని అన్ని భాషలలో ఒకేలా లెక్క కట్టలేం. కానీ కొలవడం కష్టమైనది పక్కకు పోవడం వల్ల, గ్రహణ సంబంధమైన ఇబ్బందులు ఉన్నవారు ప్రమాణంలోనే వెనుక వరుసలో మిగిలారు. ఈ లోటును భర్తీ చేయవలసింది ఆయా భాషలలో రాసేవారు. తెలుగు చదువుకున్న మీ వంటివారికి ఇక్కడ చేయదగిన పని ఉన్నది.

9. ఎదుటి వాదనలు

సుగమ్యతకు ఎదురుగా సాధారణంగా రెండు వాదనలు వినిపిస్తాయి.

‘ఇలాంటి వారు ఎంతమంది?’ అన్నది మొదటిది. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. నాటి జనగణన గుర్తించిన వైకల్యాల రకాల కన్నా 2016 చట్టం గుర్తించిన 21 రకాలు ఎక్కువ. పైగా హక్కు తలల లెక్క మీద ఆధారపడదు.

‘ఖర్చు, సమయం ఎక్కువ’ అన్నది రెండవది. ఈ వాదనకు పాత చరిత్రే ఉన్నది. 2000 నాటి సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్‌పై చూపు లేని ఒక వినియోగదారు ఫిర్యాదు చేసినప్పుడు, మార్పులకు ఏడాదికి పైగా పని, 20 లక్షలకు మించిన ఆస్ట్రేలియన్ డాలర్లు అవసరమని నిర్వాహకులు వాదించారు. ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్ దాన్ని అంగీకరించలేదు. చివరకు వారు 20,000 డాలర్ల పరిహారం చెల్లించవలసి వచ్చింది. కట్టిన ఇంటికి తరువాత ర్యాంపు కట్టడం ఖర్చే. ఇల్లు కట్టేటప్పుడే అనుకుంటే ఆ ఖర్చు చాలా తగ్గుతుంది. వెబ్‌సైట్ టెండరులో సుగమ్యతను మొదటే షరతుగా పెట్టడం, పని పూర్తయిందని బిల్లు చెల్లించే ముందు వికలాంగులతోనే పరీక్షింపజేయడం ఇందుకు మార్గం.

యూరోపియన్ యూనియన్ 2016 నాటి ఆదేశం ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ వెబ్‌సైట్‌లో ఏది సుగమ్యంగా లేదో తామే ప్రకటించాలి, ఫిర్యాదుకు దారి చూపాలి. సభ్యదేశాలు మూడేళ్లకోసారి తనిఖీ నివేదిక ఇవ్వాలి. బాగున్నదని చెప్పుకోవడం కన్నా ఏది బాగాలేదో చెప్పడం పౌరుడికి ఎక్కువ మేలు చేస్తుంది.

10. మీరు చేయదగిన పరీక్ష

మీకు తెలిసిన ఒక ప్రభుత్వ వెబ్‌సైట్‌ను ఎంచుకుని, అందులో ఒకే ఒక పనిని మొదటి నుంచి చివరి వరకు ఇలా చేసి చూడండి.

• మౌస్‌ను పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ మీటలతోనే ముందుకు వెళ్లండి. ప్రస్తుతం ఎక్కడ ఉన్నారో తెరమీద తెలుస్తున్నదా?
• బ్రౌజర్‌లో పేజీని 200 శాతానికి పెంచండి. ఏదైనా తెగిపోయిందా?
• ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఫారంలోని మూడు గడులు నింపండి.
• ఒక గడిని కావాలనే తప్పుగా నింపండి. తప్పు ఏమిటో మాటల్లో చెప్పిందా?
• పీడీఎఫ్ తెరిచి అందులో కనిపించే ఒక తెలుగు మాటను వెతకండి. దొరికిందా?

పని ఏ అడుగు దగ్గర ఆగిందో, ఏ నిబంధనకు విరుద్ధమో రాయండి. ‘ఈ వెబ్‌సైట్ బాగాలేదు’ అనేది అభిప్రాయం. ‘ఫీజు చెల్లింపులో నాలుగవ అడుగు దగ్గర క్యాప్చాకు ప్రత్యామ్నాయం లేదు’ అనేది విమర్శ. రెండవదానికి మాత్రమే అధికారి జవాబు చెప్పవలసి వస్తుంది.

11. సారాంశం

వెబ్ సుగమ్యతకు 1999 నుంచి ప్రమాణాలున్నాయి. మన దేశంలో చట్టం కూడా ఉన్నది. కానీ చాలాకాలం నియమాలు సిఫారసులుగానే మిగిలాయి. వెబ్‌సైట్లు హోమ్ పేజీ పైవరుసలో సుగమ్యతను ప్రదర్శిస్తూ ఫారంలో, క్యాప్చాలో, పీడీఎఫ్‌లో దాన్ని వదిలేస్తున్నాయి. ప్రమాణంలోని ‘పూర్తి ప్రక్రియ’ షరతు ఈ ధోరణికి సరైన జవాబు. తెలుగు పేజీలకు యూనికోడ్, భాష సూచన, ఒత్తులకు చోటు, సులభమైన వాక్యం అదనంగా అవసరం. వచ్చినవారు తమ పని తామే ముగించుకోగలిగినప్పుడే ఒక ప్రభుత్వ వెబ్‌సైట్ అందరిదీ అవుతుంది.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రభుత్వ వెబ్‌సైట్ల సుగమ్యతను అంచనా వేయడానికి ‘పేజీ’ కన్నా ‘పని’ సరైన కొలమానమని నిరూపించండి.
2. భారతదేశంలో వెబ్ సుగమ్యతకు ఉన్న చట్టపరమైన ఆధారాన్ని విమర్శనాత్మకంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాత ఫాంట్లలోని తెలుగు పత్రాలు ఎవరెవరికి ఏ విధంగా నష్టం కలిగిస్తాయి?
2. సులభమైన భాషకు ప్రమాణంలో ఇచ్చిన స్థానం సమంజసమేనా?